ఆవాల దిండు

జనవరి 9, 1979

నూలు షావుకారు ఏటా ఒక డైరీ ఇస్తాడు. ఏటా మా ఆయన దాన్ని మగ్గం కాలు కింద పెట్టి ఎత్తు సరిచేస్తాడు. ఈసారి ఆయన చేతికి చిక్కకముందే నేను దాచేశాను. ఎనిమిదో తరగతి దాకా చదివిన చదువు జంపఖానాల అంచుల్లో పూలు లెక్కపెట్టడానికే సరిపోతోంది. మా ఆయనకు సంతకం తప్ప చదవడం రాదు. కాబట్టి ఇందులో ఏం రాసుకున్నా నాకు భయం లేదు.

వెనక గదిలో అద్దెకుండే చిలుకమ్మకు నిన్న పొద్దున కొడుకు పుట్టాడు. ఇది మూడో కాన్పు. ముందు పుట్టిన ఇద్దరూ ఏడాది నిండకుండానే పోయారు. నేను చూడటానికి వెళ్లలేదు. పిల్లలు లేనిదాన్ని పురిటి గదిలో అడుగుపెడితే వాళ్ల అత్త సమ్మమ్మ ముఖం ఎట్లా పెడుతుందో నాకు తెలుసు.

జనవరి 13

వెళ్లకపోతే సమ్మమ్మే వచ్చింది. మగ్గం పక్కన చతికిలబడి, నేను ఇనప పళ్ల పంజాతో పోగు కొట్టడం ఆపేదాకా కూర్చుంది.

"అనసూర్యా, ఒక మాట అడుగుత. కోపానికి రావద్దు. మా పిల్లగాన్ని నువ్వు కొనుక్కోవాలె బిడ్డా."

మా పుట్టింటి వైపు కూడా చేసేవారు. పుట్టినవాళ్లు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డను చాటలో వేసి తౌడుకు వేరే ఇంటికి అమ్మేస్తారు. చావు వెతుక్కుంటూ వస్తే కన్నవాళ్ల ఇంట్లో బిడ్డ ఉండడన్నమాట. కానీ కొనేది ఎప్పుడూ కడుపు పండిన ఆడదే.

"నన్ను అడుగుతవేంది? ఇంటి నిండ పిల్లలున్నది పక్కింటి లింగమ్మకాయె, ఆమెను అడుగరాదూ?"

"లింగమ్మకు నలుగురు బతికిండ్లు, ఇద్దరు పోయిండ్లు. గా ఇంటి తొవ్వ సావుకు ఎర్కనే. నీ గడప దానికి తెల్వది. నీ ఇంట్ల పిల్లగాండ్లే లేరాయె."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పన్నెండేళ్లుగా చాటున నన్ను గొడ్రాలన్నవాళ్లను చూశాను గానీ, ఆ గొడ్డుతనం ఒక మేలుకు పనికొస్తుందని ముఖం మీద చెప్పింది మాత్రం ఈ ముసలమ్మే. సరే అన్నాను.

జనవరి 18

కొన్నాను.

ఇంటి వెనక చెత్తపోసే మూలన చాట పెట్టారు. అందులో పాత గుడ్డ మీద వాడు. సమ్మమ్మ నేర్పినట్టే గిన్నెలో తౌడు పట్టుకుని వెళ్లి, "ఈ పిల్లగాన్ని అమ్ముతవా?" అని అడిగాను. గోడ పట్టుకుని నిలబడ్డ చిలుకమ్మ "అమ్ముత" అంది. ఆమె కొంగులో తౌడు పోశాను. కొన్నవాళ్లే పేరు పెట్టాలట. మొండికేసి బతకాలని "మొండయ్యా" అని పిలవమన్నారు, పిలిచాను. బిడ్డను మా ఇంట్లోకి తీసుకెళ్లి ఒక్క క్షణం పడుకోబెట్టి తిరిగి తేవాలి, అదీ పద్ధతి. నేను కాస్త ఎక్కువసేపే ఉన్నట్టున్నాను. బయటి నుంచి తలుపు కొట్టారు.

బిడ్డను చేతికిస్తుంటే చిలుకమ్మ, "అక్కా, మీ పిల్లగానికి జర పాలిస్తనే" అంది. అట్లాగే అనాలి. అందరూ నవ్వారు. ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. ఉత్త ఆటే కదా.

ఫిబ్రవరి 2

చిలుకమ్మ కొడుకు తల ఒక పక్క చదునుగా అవుతోంది. ఎప్పుడూ గోడ వైపే తిరిగి పడుకుంటాడు. ఆవాల దిండు కుట్టిస్తే సరి అని సమ్మమ్మ తీర్పు చెప్పింది. "కొన్నదానివి నువ్వు. పక్కబట్టలు నువ్వే ఇయ్యాలె" అని కూడా అంది. నోరున్న ముసలిది. ఒప్పుకున్నాను, దిండే కదా.

ఫిబ్రవరి 4

ఆవాలు కడిగి వాకిట్లో ఎండబోశాను. పిచ్చుకల్ని తోలుకుంటూ కూర్చున్నాను. మగ్గం మీద ఒక్కడే కూర్చున్న మా ఆయన, "దిండు కుడుతానవా, పొలం కాపలా కాస్తానవా?" అన్నాడు.

ఫిబ్రవరి 8

దిండు పూర్తయింది. నా అరచేతులు రెండు పక్కపక్కన పెడితే ఎంతో అంతే ఉంది. లోపలి సంచికి తెల్ల మల్లుగుడ్డ, పై గలీబుకు నా పాత నారాయణపేట చీర. సంచిలో ఆవాలు నిండుగా పోయకూడదు, ముప్పావు వంతే పోయాలి. అప్పుడే తల పెట్టిన చోట గుంట పడి, తల ఎటు తిరిగితే గింజలు అటు జరుగుతాయి. ఇక కుట్టు మాత్రం చీమ దూరనంత దగ్గరగా ఉండాలి. ఆవగింజ సందు దొరికితే ఆగదు. దారాన్ని రెండు పేటలు చేసి, మైనం రాసి, ఒకసారి కుట్టి, మడిచి మళ్లీ కుట్టాను. నా చేతి కుట్టుకు పేరుంది. ఆ మాట గొప్పకు రాయడం లేదు.

వాణ్ని దాని మీద పడుకోబెట్టగానే కళ్లు మూశాడు. వాడు లేచేదాకా నేను అక్కడే కూర్చున్నాను. ఎందుకో తెలియదు.

మార్చి 6

చిలుకమ్మ దిండు పట్టుకొచ్చింది. చంకలో పిల్లాడు.

"అక్కా, ఒక మూలకెల్లి ఆవాలు కారుతానయ్. జర కుట్టిస్తవా? బీడీల కమీషన్‌దారు వస్తడు, నాకింక కట్టలు కాలే."

పిల్లాణ్ని నా ఒళ్లో వదిలి వెళ్లింది. సంచి మూల మడతలో గుడ్డే చివికింది. బెత్తెడు కుట్టు. మధ్యాహ్నమంతా కుట్టాను. వాడు నా వేలు పట్టుకుని వదల్లేదు, ఒక చేత్తో ఎంతని కుట్టగలను? మా ఆయన రెండుసార్లు మగ్గం దగ్గర నుంచి తొంగిచూశాడు. అవతలి చివర నేను లేకుండా జంపఖానా సాగదు.

మార్చి 7

ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది.

మార్చి 25

మళ్లీ దిండు వచ్చింది. మల్లుగుడ్డ మంచిది కాదేమో. మొండిగాడు సాయంత్రం దాకా నా దగ్గరే ఉన్నాడు.

ఏప్రిల్ 11

ఈసారి కుట్లు కొంచెం ఎడంగా పడ్డాయి. కళ్లు మసకబారుతున్నాయి. మగ్గం పని అట్లాంటిది.

ఏప్రిల్ 30

చిలుకమ్మ రాలేదు. దిండు బాగానే ఉన్నట్టుంది.

మే 8

ఇంకా రాలేదు. గలీబు ఉతికి ఇస్తానని నేనే వెళ్లి దిండు తెచ్చుకున్నాను. లోపలి సంచి కుట్టు మరీ బిగువుగా అనిపించింది. బిగువుగా ఉంటే గింజలు కదలవు, లేత తలకు రాయిలా తగులుతుంది. అందుకని మూల దగ్గర రెండు పోగులు కత్తిరించాను. పిల్లాడి మంచికే.

మే 10

వచ్చారు! పొద్దున్నే వచ్చారు.

మే 29

వాణ్ని నేను సారంగపాణి అని పిలుస్తున్నాను. నాకు కొడుకు పుడితే పెట్టాలని పెళ్లయిన కొత్తలో అనుకున్న పేరు. ఇన్నేళ్లూ ఆ పేరు ఊరికే పడి ఉంది. మొండయ్య ఏం పేరు, పాపం. మా ఇంట్లో ఉన్నంతసేపే అంటాను.

జూన్ 21

చిలుకమ్మ అడుగుల చప్పుడు వినలేదు నేను. గడపలో నిలబడి, "ఎవలక్కా సారంగపాణి?" అంది.

"ఊకనే అన్న. ముద్దుకు."

నవ్వింది. తర్వాత నవ్వడం ఆపి, పిల్లాణ్ని నా ఒళ్లోంచి తీసుకుంది. కుట్టు సగంలో ఉంది, సగం కుట్టిన దిండునే పట్టుకుపోయింది. పోతూ పోతూ వాడి చెంప మీద ముద్దుపెట్టి, "నా కొడుకు గింత బరువైండేంది" అంది. నా కొడుకట! అమ్మింది తను, కొన్నది నేను. ఊరంతా చూసింది. ఆ మాట నేను పైకి అనలేదు. అనను కూడా. కానీ సమ్మమ్మ విని కోడలి మీద కేకలేసింది: "అమ్మిన పిల్లగాన్ని నా కొడుకు అనద్దని ఎన్నిసార్లు చెప్పాలె నీకు!"

కేకలు వింటుంటే నాకు హాయిగానే ఉంది.

జులై 19

వాడు బోర్లా పడుతున్నాడని, పాకుతున్నాడని లింగమ్మ చెబితే తెలిసింది. అది నేను లింగమ్మ నోట వినాలి.

ఆగస్టు 30

ఎదురుగా దొరికితే దిండు సంగతి అడిగాను. "మూల మల్ల ఇచ్చుకపోతే నేనే కుట్టిన అక్కా. ఎన్నిసార్లని నిన్ను తిప్పల వెట్టాలె" అంది. చూపించింది కూడా. పంటి వరసలాగా ఒక కుట్టు లోపలికి, ఒకటి బయటికి, సంచులు కుట్టే పురికొసతో కుట్టింది. చూస్తే నవ్వొచ్చింది.

సెప్టెంబర్ 1

గలీబు మాసిందని తెచ్చి ఉతికాను. లోపలి సంచి రెండో మూల ఎట్లా ఉందో చూశాను. బాగానే ఉంది.

చేతిలో కత్తెర ఉంది.

సాయంత్రం దిండు ఇచ్చేశాను.

సెప్టెంబర్ 4

రాయలేను.

సెప్టెంబర్ 6

రాస్తాను. రాస్తేనన్నా తగ్గుతుందేమో.

మొన్న మధ్యాహ్నం చిలుకమ్మ కేక వినబడి మా ఆయన మగ్గం మీంచి దూకి పరిగెత్తాడు. నేను లేవలేకపోయాను. ఎందుకు కేకేసిందో నాకు ముందే తెలిసినట్టే ఉంది. నేను వెళ్లేసరికి పిల్లాడి ముఖం నీలంగా ఉంది. చాప మీద ఆవాలు. మా ఆయన వాణ్ని తలకిందులుగా పట్టి వీపు మీద చరుస్తున్నాడు. నోట్లోంచి కొన్ని గింజలు పడ్డాయి. ఏడుపు వచ్చింది గానీ లోపల ఈల వేస్తున్నట్టు ఊపిరి. రిక్షాలో పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. ఒక గింజ ఊపిరిగొట్టంలోకి పోయిందన్నారు. గొట్టం వేసి తీశారు. ఇప్పుడు జ్వరం. బతుకుతాడో లేదో రెండు మూడు రోజులు పోతే గానీ చెప్పలేమన్నారు.

వరండాలో చిలుకమ్మ తన కుడిచేతిని నేలకేసి కొట్టుకుంటోంది. "నా కుట్టే అక్కా. నా శేతి కుట్టే ఊడింది. మంచిగ కుట్టరాదాయె నాకు, నీ దగ్గరికి తెచ్చేది ఉండె. ఆ పొద్దే ముద్దాడుకుంట నా కొడుకా అన్న. అమ్మిన పిల్లగాన్ని అన్న. అందుకే గిట్లయింది."

నేను చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది. "నీళ్లు తాగు" అన్నాను.

సెప్టెంబర్ 9

జ్వరం దిగింది. బతికాడు. దేవుడున్నాడు. నేను చేసినదేదీ చూడని దేవుడైతే బాగుండు.

సెప్టెంబర్ 10

మా ఆయన దిండు తెచ్చి నా ముందు పెట్టాడు. ఎప్పుడు తీసి దాచాడో.

"చూడు. గీ మూల ఆమె కుట్టింది. వంకర టింకరగ ఉన్నది గని ఒక్క గింజ రాలలే. కారింది గీ మూలకెల్లి. నీ కుట్టు ఇది."

"పోగు తెగిందేమో."

"తెగిన పోగుకు కొస పీసు లేస్తది. నీకు నేను చెప్పాల్నా? ఇది కోసిన పోగు."

"ఎలుక కొరికిందేమో."

"ఎలుక కత్తెర పడ్తదా అనసూర్యా?"

కోపంగా అనలేదు. కోపంగా అంటే నేనూ అరిచేదాన్ని. ఆయన దిండు మీద చెయ్యి పెట్టాడు.

"ఆమెకు చెప్పు. లేకపోతే బతికినన్ని దినాలు కుములుతది."

"చెప్త. ముందుగాల పిల్లగాడు ఇంటికి రానియ్యి."

సెప్టెంబర్ 17

ఇంటికి తెచ్చారు. చిలుకమ్మ ఇంకా నీరసంగా ఉంది. ఇట్లాంటి మాట ఇప్పుడు చెబితే తట్టుకోలేదు. కాస్త కోలుకోవాలి.

సెప్టెంబర్ 29

సద్దుల బతుకమ్మ. మా వాడకట్టంతా ఆడింది. చిలుకమ్మ పూలు ముట్టుకోలేదు, తన చెయ్యి తగిలితే మంచిది కాదంది. నేను ఆడాను.

అక్టోబర్ 8

సమ్మమ్మ వచ్చింది. ఈసారి చతికిలబడలేదు, నిలబడే చెప్పింది.

"బిడ్డా, తప్పు మాదే. అమ్మినమని నోటితోని అన్నం గని పిల్లగాన్ని మా ఇంట్లనే వెట్టుకుంటిమి. సావు నవ్వుకుంట సూసింది. ఇగ ఉత్తుత్తి అమ్ముడు కాదు. మల్లన్నకు పుట్టెంటికలు తీసేదాక నీ దగ్గర్నే ఉండనియ్యి. మా కొడుకు మొగిలి కేసముద్రం మార్కెట్ల హమాలీ పనికి పోతాండు, మేం గూడ పోతం. మా నీడ వాని మీద వడద్దు."

ఆమె వెనక చిలుకమ్మ తలుపుచాటున ఉంది. ఆమె కొడుకు పాకుతూ వెళ్లి ఆమె కాళ్లు పట్టుకుంటే, వంగి చూడకుండా కాళ్లు వెనక్కి తీసుకుంది. వాడు ఆ ఖాళీ నేల మీదే కూర్చుండిపోయాడు.

నేను ఏమన్నానో గుర్తులేదు. వద్దని మాత్రం అనలేదు.

అక్టోబర్ 9

"ఇప్పుడన్న చెప్పు. ఇప్పుడు చెప్పకపోతె అది దొంగతనమే" అన్నాడు మా ఆయన. నిజం. తలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లాను.

చిలుకమ్మ రొమ్ముకు గట్టిగా గుడ్డ బిగించి కట్టుకుంటోంది. అంచు అందక నన్ను ముడి వేయమంది. "గుంజి కట్టు అక్కా. వాని గొంతు వినవడితె పాలొస్తానయ్."

గుంజి కట్టాను. మైనం వాసన లేని, పాల వాసన వేసే గుడ్డ.

"చిలుకా..."

"చెప్పు అక్కా."

నోరు తెరిచాను. నిజంగా తెరిచాను.

"ఇద్దర్ని తిన్న శెయ్యి ఇది. మూడోడు గూడ పోయేటోడే. నీ శేతుల వాడు బతుకుతడు, నాకు ఎర్కనే. నువ్వు కుట్టినన్ని రోజులు ఏం గాలే."

"పిల్లగాడు పైలంగ ఉంటడు. ఫికర్ చెయ్యకు" అన్నాను.

అదేం అబద్ధం కాదు కదా. పదిలంగానే చూసుకుంటాను.

అక్టోబర్ 14

వెళ్లిపోయారు. చిలుకమ్మ రిక్షాలో ఇటు తిరగలేదు. వెనక గదికి తాళం వేశాం.

అక్టోబర్ 16

మా ఆయన మగ్గం ఆపి దూలానికి ఉయ్యాల కట్టాడు. జంపఖానా గుడ్డతోనే కట్టాడు, ఎర్ర చారలది. ఆ సంగతి ఇక ఎత్తలేదు. పిల్లాణ్ని ఎత్తుకుని "ఏం సారంగం!" అన్నాడు. నా ముఖం చూడకుండా అన్నాడు.

అక్టోబర్ 25

సారంగపాణి అంటే తిరగడు. మొండీ అంటే చటుక్కున తిరుగుతాడు. అలవాటవుతుంది. చిన్నవాళ్లకు అన్నీ అలవాటవుతాయి.

నవంబర్ 4

కొత్త దిండు కుట్టాను. బూరుగు దూది పెట్టాను, ఆవాలు లేవు. ఒక్క కుట్టు వదులు లేదు, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. వాడు దాని మీద తల పెట్టడు. పక్కకు తోసేసి ఉయ్యాల గుడ్డలో ముఖం దూర్చుకుని పడుకుంటాడు.

నవంబర్ 18

మొగిలయ్య వచ్చాడు. స్టేషన్ నుంచి నడిచే వచ్చాడు, కొడుకు కోసం పేలాలు తెచ్చాడు. గడప దాటి లోపలికి రానన్నాడు. అక్కడి నుంచే చూశాడు. "పెరిగిండు" అని తలపాగా కొసతో కళ్లు తుడుచుకున్నాడు.

"చిలుక ఎట్లున్నది?" అని మా ఆయన అడిగాడు. నేను అడగలేదు.

"ఏం జెప్పాలె రాజమన్నా. సూది ముట్టది. పక్కింటామె పిల్లను ఎత్తుకోమంటె శేతులు ఎనుకకు వెట్టుకుంటది. 'నా శెయ్యి తాకితె పోతరు' అంటది. అన్నం గూడ ఎడమ శేతితోని తింటాంది."

మా ఆయన నా వైపు చూశాడు. నేను పిల్లాడికి ముక్కు తుడిచాను. ముక్కు కారడం లేదు.

నవంబర్ 19

వెళ్తాను. రైలెక్కితే గంట కూడా పట్టదు. ఎదురుగా కూర్చుని చెప్పేస్తాను. కొడితే కొట్టనీ. పిల్లాణ్ని తీసుకుంటే తీసుకోనీ. ఎల్లుండి వెళ్తాను.

నవంబర్ 21

వాన.

నవంబర్ 24

పిల్లాడికి జలుబు. ఇట్లాంటప్పుడు రైలు ప్రయాణం మంచిది కాదు.

డిసెంబర్ 1

షావుకారు జంపఖానాలకు తొందరపెడుతున్నాడు. ఇవి దిగాక వెళ్తాను.

డిసెంబర్ 6

మా ఆయన, "రేపు బండికి నేను పోయి చెప్పొస్త" అన్నాడు. చొక్కా కూడా ఉతికి ఆరేసుకున్నాడు.

డిసెంబర్ 7

ఆయన బయలుదేరుతుంటే పిల్లాడు లేచి, గోడ పట్టుకుని, రెండు అడుగులు వేసి ఆయన ధోతి పట్టుకున్నాడు. అవే మొదటి అడుగులు. ఆయన వాణ్ని ఎత్తుకుని గడప మీద కూర్చున్నాడు. రైలు కూత వినబడేదాకా కూర్చున్నాడు. తర్వాత చొక్కా విప్పి కొయ్యకు తగిలించి, మగ్గం ఎక్కాడు.

ఇప్పుడు ఆయనా నాలాంటివాడే అయ్యాడు. అందుకు ఏడ్చాను.

డిసెంబర్ 12

సారంగపాణి ఇవాళ "అవ్వ" అన్నాడు. మా వాడకట్టులో పిల్లలు అమ్మను పిలిచేది అట్లాగే. స్పష్టంగా అన్నాడు. మా ఆయన కూడా పంజా ఆపి విన్నాడు. నేను వంటింట్లోంచి పరిగెత్తుకుని పెరట్లోకి వెళ్లాను. వాడు తాళం వేసిన వెనక గది తలుపు ముందు నిలబడి ఉన్నాడు. అరచేతులతో తలుపు కొడుతూ, నేను చూస్తుండగానే మళ్లీ అన్నాడు.

నన్నే అన్నాడు.